పిడికెడు తీసే వేళ

ధోల్‌జూరి తేయాకు తోట, అస్సాం
24 సెప్టెంబరు 2007

ప్రియమైన జోథాంగి అక్కకు,

నీ తమ్ముడు కాప్లియానా ఇంత దూరం నుంచే నీ చెయ్యి పట్టుకుని కుశలం అడుగుతున్నాడు. ఒంట్లో బాగుందా? మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక్కడ వానలు తగ్గుముఖం పట్టాయి. బడి రేకులు ఇంకా కారుతూనే ఉన్నాయి. వాన పడితే పిల్లలంతా పలకలు పట్టుకుని నా కుర్చీ ఉన్న మూలకు చేరుకుంటారు. అక్కడొక్కటే పొడిగా ఉంటుంది. వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

నీకు చెప్పవలసిన వింత ఒకటుంది. మొన్న నేను పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంటే సొమారి చూసింది. ఆమె తోటలో ఆకు కోస్తుంది, కొడుకు నా దగ్గర చదువుకుంటున్నాడు. "మాస్టారూ, అది ఎవరు తింటారు?" అని అడిగింది. దేవుడికి అన్నాను. "దేవుడు పచ్చి బియ్యం తింటాడా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. మన కొండల్లో ఆడవాళ్లు పూటపూటా తీసిన పిడికెళ్లే పోగై, అమ్ముడై, నాకు జీతంగా వస్తాయని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆమె కూడా పూటకో పిడికెడు తీసి పాత నూనె డబ్బాలో వేస్తోందట. ఎవరికివ్వాలో మాత్రం ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఈ డిసెంబరుతో నా గడువు తీరిపోతుంది. ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉంటావా, ఊరికి వచ్చి మన సంఘం బడి చూసుకుంటావా అని మిషన్ ఆఫీసు వాళ్లు అడిగారు. క్రిస్మస్ లోపు చెప్పాలి. మోకరించి అడిగాను. ఉపవాసం ఉండి అడిగాను. నాకేమీ వినబడడం లేదు, అక్కా.

నీకు వినబడుతుంది. నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చి అందరూ ఆశ వదులుకుంటే, "వీడు బతుకుతాడు, గంజి కాయండి" అన్నది నువ్వే. అమ్మ పోయాక నన్ను పెంచిందీ నువ్వే. అందుకని ఆయన్ని నువ్వే అడిగి చెప్పు. రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. నీ మాటే ఆయన మాటనుకుంటాను.

బావ పోయాక ఆ ఇంట్లో ఒక్కదానివే ఉన్నావని నాకు తెలుసు. అది మనసులో పెట్టుకుని అడుగు అని నేను అనడం లేదు.

నీ జవాబు కోసం ఎదురుచూసే తమ్ముడు,
కాపా


సెర్‌ట్లాంగ్, మిజోరం
15 అక్టోబరు 2007

మహానుభావుడైన మాస్టరు కాపాకు,

నీ ఉత్తరం సుమో డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. దాని మీద ఎవరో చాయ్ ఒలకబోశారు. అయినా చదవగలిగాను.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు కదా. ఇక్కడ తవ్వే శ్రమ కూడా లేదు. ఎలుకలే కొండ దిగి వస్తున్నాయి. వెదురు పూసింది. నలభై ఎనిమిదేళ్లకోసారి అన్న మన తాతల లెక్క తప్పలేదు. ఆ పూత తిని ఎలుకలు పెరిగాయి, పెరిగి మన పోడు చేల మీద పడ్డాయి. శనివారం చూసిన చేను సోమవారానికి గడ్డి. కంకి అన్నది లేదు. ఊరి పిల్లులు మొదట్లో మహా ఉత్సాహంగా పరుగెత్తాయి. ఇప్పుడు కడుపు నిండి అరుగుల మీద పడుకుని, ఎదురుగా ఎలుక పోతున్నా చూస్తూ ఊరుకుంటున్నాయి. సర్కారు వాళ్లు ఎలుక తోకకు ఇంతని ఇస్తున్నారు కాబట్టి పిల్లలు బడి మానేసి తోకలు కట్టలు కడుతున్నారు.

నా గురించి బెంగ పెట్టుకోకు. కింది చేను ముందే కోశాను కాబట్టి నాకు బియ్యం ఉన్నాయి.

నీ ప్రశ్న సంగతికి వస్తే, దేవుడి దగ్గరకు నన్ను తపాలా బంట్రోతును చేసి పంపుతున్నావా? నీకు నోరు లేదా, ఆయనకు నీ చిరునామా తెలియదా? సరే, అడుగుతాను. తొందరపెట్టకు. ఇంకా ఏమీ వినలేదు.

అన్నట్టు, ఈసారి అల్లం బాగా వచ్చింది. ఎలుకలు అల్లం ముట్టవు, ఘాటని కాబోలు. ఆరబెట్టడానికి చోటు లేక నీ మంచం మీద పోశాను.

మోకాలు అలాగే ఉంది.

అక్క


ధోల్‌జూరి
2 నవంబరు 2007

ప్రియమైన అక్కకు,

ఎలుకల సంగతి విని మనసంతా పాడైంది. ఆ పిల్లుల గురించి చదివి నవ్వాను. నవ్వినందుకు మళ్లీ బాధపడ్డాను.

నా మంచం మీద అల్లం పోశానని రాశావు. ఆ వాక్యం పట్టుకుని ఒక రోజంతా ఆలోచించాను. ఇంట్లో నాకు చోటు లేదంటున్నావా? లేకపోతే నేను వస్తానంటే అల్లం తీసేస్తాననా? నువ్వు ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషివి. ఈసారి నీ మాట నాకు అర్థం కాలేదు. నా ప్రశ్నకు కోపం వచ్చిందా?

సాయంత్రం తోటలో సైరన్ మోగుతుంది. అందరూ బుట్టలు దించి ఇళ్లకు పోతారు. పొయ్యిలు రాజుకుంటాయి. ఎవరి పిల్లలను వాళ్లు కేకేసి పిలుచుకుంటారు. నన్ను కేకేసేవాళ్లు లేరు. గుమ్మంలో కూర్చుని మన పాటలు పాడుకుంటాను. నాలుగు గొంతులు కలిస్తే గానీ పాట కాదని నేర్చుకున్నవాళ్లం మనం. ఒక్కడినే పాడుతుంటే రెండో గొంతు రావలసిన చోట తెలియకుండానే ఆగిపోతాను. అక్కడ నువ్వు పాడేదానివి. సొమారి కొడుకు ఒకసారి అడిగాడు, పాట మధ్యలో ఎందుకు మరిచిపోతావు మాస్టారూ అని.

ఇదంతా నిన్ను ఒత్తిడి పెట్టడానికి రాయడం లేదు. ఆయన ఏమన్నాడో అది చెప్పు, చాలు. నెల తిరిగితే డిసెంబరు.

కాపా


సెర్‌ట్లాంగ్
18 నవంబరు 2007

కాపాకు,

అల్లం అంటే అల్లమే. అందులో మర్మమేమీ లేదు. నువ్వు బడి పిల్లలకు చెప్పే పాఠాల్లో కూడా ఇలాగే లేని అర్థాలు తీస్తున్నావా? పాపం ఆ పిల్లలు.

ఇంకా వినలేదు.

ఫోను చేస్తే అయిపోయేది కదా అని నువ్వంటావు. ఈ ఊళ్లో ఫోను పలకాలంటే సమాధుల పైనున్న బండ ఎక్కి, ఉత్తరం వైపు తిరిగి, గొంతు చించుకుని అరవాలి. అవతలివాళ్లకు వినబడినా వినబడకపోయినా ఊరికి మాత్రం వినబడుతుంది. మొన్న పాస్టరుగారు తన పంటి నొప్పి గురించి డాక్టరుకు చెప్పుకున్నారు. ఇప్పుడు ఎవరు ఎదురైనా ఆయన దవడ వైపే చూస్తారు.

నేను గుడిలో ఇప్పుడు డోలు పక్కనే కూర్చుంటున్నాను. చెవులు దిమ్మెక్కిపోతాయి, ఇంకేమీ వినబడదు. హాయిగా ఉంటుంది. ఇంటికి వచ్చి రేడియో పెట్టుకుంటాను. అన్నం వండడం మానేశాను. దుంపలు ఉడకబెట్టుకుంటున్నాను, జొన్నపొత్తు కాల్చుకుంటున్నాను. అన్నం నోటికి రుచించడం లేదు.

మీ బావ పోయినప్పుడు మన ఊరి యువకులు వరసగా మనింట్లోనే పడుకుని పాటలు పాడారు చూడు, ఇంట్లో ఒక్కరే ఉండకూడదని. ఎంత గోల చేశారో. ఒకడు గురకపెడితే మిగతావాళ్లు వాడి ముక్కు మూసి నవ్వేవాళ్లు. నాకు నిద్రలేదు గానీ ఇల్లు నిండుగా ఉండేది. ఆచారం ప్రకారం ఆ రోజులు అయిపోగానే దుప్పట్లు మడిచి వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరి ఇళ్లు వాళ్లకున్నాయి. ఆ మరునాటి పొద్దున రెండు కప్పుల చాయ్ కాచాను. ఇప్పటికీ అప్పుడప్పుడు కాస్తాను. రెండోది కోడికి చూపించి తాగేస్తాను.

ఎందుకు రాశానో ఇదంతా. చింపేద్దామంటే కాగితం ఇదొక్కటే ఉంది.

అక్క


ధోల్‌జూరి
3 డిసెంబరు 2007

అక్కా,

నీ ఉత్తరం అందిన మరునాడే మిషన్ ఆఫీసు నుంచి ఒకాయన బడి చూడడానికి వచ్చాడు. పోయిన నెలలో మన ఊరు కూడా వెళ్లాడట. ఇల్లిల్లూ తిరిగి పిడికెళ్లు పోగుచేసే దార్కుంగి పెద్దమ్మ చెప్పిన సంగతి ఆయన నాకు చెప్పాడు. జోథాంగి ఇంటి నుంచి వారాల తరబడి పిడికెడు బియ్యం రావడం లేదు, ఆమె పొయ్యి మీద అన్నం కుండ ఎక్కడం లేదు, అడిగితే దుంపలంటే ఇష్టమంటోంది అని. బావ శవం ఇంట్లో ఉన్న రోజున కూడా నువ్వు పిడికెడు తీయడం మానలేదని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుందట.

నాకు బియ్యం ఉన్నాయని రాశావు. మన కొండల్లో ఆకలితో ఉన్నవాళ్లంతా అదే మాట అంటారని నేను మరిచిపోయాను. అన్నం రుచించడం లేదని రాశావు. నేను చదివి, పెద్దదాని చాదస్తం అనుకుని నవ్వుకున్నాను. నువ్వు దుంపలు తింటూ ఉంటే, నేనిక్కడ ఊరి ఆడవాళ్ల పిడికెళ్లతో కడుపు నింపుకుంటున్నాను.

ఇక నాకు వేరే స్వరమేదీ అక్కరలేదు. ఇదే జవాబు. వచ్చేస్తున్నానని ఆఫీసు ఆయనతోనే చెప్పి పంపాను. ఇక్కడి వాళ్లతో క్రిస్మస్ ఆరాధన చేసి, మరునాడే బయలుదేరుతాను. కొత్త సంవత్సరానికి ఇంట్లో ఉంటాను. పెట్టె కట్టేశాను.

ఇక్కడ నాలుగు కుటుంబాలకు చెప్పాను. సొమారి తన నూనె డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టి, మీ ఊళ్లో ఎలుకలు అన్నీ తినేశాయట కదా, ఇది మీ అక్కకు పట్టుకెళ్లు అంది. వద్దనలేకపోయాను.

మంచం మీది అల్లం తీసేయి.

కాపా


సెర్‌ట్లాంగ్
9 డిసెంబరు 2007

కాపా,

ఈసారి కుశలప్రశ్నలు లేవు. చెప్పవలసింది ముందు చెప్పేస్తాను. లేకపోతే మళ్లీ అల్లం దగ్గరకో కోడి దగ్గరకో పారిపోతాను.

రాకు. అక్కడే ఉండు.

ఇది నా మాట కాదు. నా మాటే అయితే మొదటి ఉత్తరంలోనే రమ్మని రాసేదాన్ని.

ఆయన చెప్పి రెండు నెలలు కావస్తోంది. నీ ప్రశ్న చేరిన రోజునే చెప్పాడు. ఎసరు పెట్టాను, డబ్బాలో చెయ్యి పెట్టాను, పిడికెడు తీశాను. వాణ్ని అక్కడ ఉండనివ్వు అన్నాడు. చెవికి వినబడిందా అంటే లేదు. ఎసరు మరిగిందని మూత తీయకుండానే తెలుస్తుంది చూడు, అలా తెలిసింది. తెలిసిన వెంటనే ఆ పిడికెడు మళ్లీ డబ్బాలోనే పోసి మూత పెట్టేశాను. నీకేమో ఇంకా వినలేదని రాశాను.

తరువాత రోజూ అదే వేళకు అదే మాట. ఆయన నాతో ఎప్పుడూ అప్పుడే మాట్లాడతాడు, పిడికెడు తీసేటప్పుడు. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాను. చివరికి ఉపాయం తట్టింది. అన్నం వండకపోతే పిడికెడు తీయనక్కరలేదు, తీయకపోతే ఆ మాట విననక్కరలేదు. డోలు పక్కన కూర్చున్నదీ, రేడియో పెట్టుకున్నదీ అందుకే. దేవుడి నోరు మూయడానికి దుంపలు తిన్న ఆడదాన్ని నువ్వెక్కడైనా చూశావా? నీ అక్కను చూడు.

నేనొక్కదాన్నే మోసపోవాలనుకున్నాను. ఊరంతా మోసపోయింది. నా ఇంటి నుంచి పిడికెడు రాకపోయేసరికి నాకు తిండి లేదనుకున్నారు. వేరేలా ఎందుకనుకుంటారు? నిన్న శనివారం. దార్కుంగి పెద్దమ్మ బియ్యం గంప భుజాన మోసుకుంటూ వచ్చింది. వారం వారం మిషన్‌కు పంపే గంప అది. ఈ వారం దాన్ని నా ఇంటికి పంపాలని స్త్రీల సమాజం తీర్మానించిందట.

గంప సగం కూడా నిండలేదు. ఏ ఇంట్లో మిగిలున్నాయి గనుక? లాల్‌హ్మింగి ఇంట్లో పిల్లలు గంజి తాగుతున్నారు. ఆమె పిడికెడూ అందులో ఉంది. పెద్దమ్మ గంప దించి, "నువ్వు నోరు తెరిచి అడగవని మాకు తెలుసు. వండుకో" అంది.

నాకు బియ్యం ఉన్నాయి పెద్దమ్మా అన్నాను.

"ఉన్నాయిలే. మా అందరికీ ఉన్నాయి" అంది.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డబ్బాల మూతలు తీసి చూపించాను. ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. మరి ఎందుకు వండుకోలేదని అడిగింది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఆమె నోరు నీకు తెలుసు కదా, పాస్టరుగారు కూడా ఆమె వస్తుంటే దారి మార్చుకుంటారు. ఇప్పుడు నన్ను నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆమె పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"అయితే ఆయన చెప్పింది నీకు నచ్చలేదన్నమాట" అంది.

"నచ్చలేదు" అన్నాను.

"నాకూ చాలాసార్లు నచ్చలేదు. ఎసరు పెట్టు, ఆకలేస్తోంది."

ఎసరు పెట్టాను. ఆమె చూస్తుండగానే పిడికెడు తీశాను. అదే మాట, ఒక్క ముక్క తేడా లేదు. కోపం కూడా లేదు ఆ మాటలో. అదే నాకు కష్టమైంది. సరే అన్నాను. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఆమె వెళ్లాక ఏడ్చాను.

గంపను లాల్‌హ్మింగి ఇంటికి పంపాం. నా డబ్బాల్లో ఒకటి కూడా.

నువ్వు రావాలని నాకెంత ఉందో రాయను. రాస్తే నువ్వు వచ్చేస్తావు.

అక్క


సెర్‌ట్లాంగ్
19 డిసెంబరు 2007

కాపా,

నీ మూడో తారీకు ఉత్తరం నిన్న వేరే బండిలో వచ్చి అందింది. వచ్చేస్తున్నావట, పెట్టె కూడా కట్టేశావట.

నా ఉత్తరం సంగతి డ్రైవరును అడిగాను. సుమో లుంగ్లేయ్ దారిలో చెడిపోయిందట. ఉత్తరాల సంచి ఇంకా సీటు కిందే ఉందట. ఇప్పుడు పంపినా నువ్వు బయలుదేరేలోపు అందదు. నిజం చెప్పనా? అది విని నాకు ఎంత సంతోషమైందో. ఆయన చెప్పమన్నాడు, నేను చెప్పాను, అది అందకపోతే నా తప్పా? పరుగున ఇంటికొచ్చి అల్లం తీసి గోనెలో పోశాను. మంచం కడిగాను. నీ బొంత ఉతికి తీగ మీద వేశాను. రెండు కప్పుల చాయ్ కాచి, ఈసారి కోడికి చూపించలేదు.

పిడికెడు తీసే వేళ దాకా ఆయన ఆగలేదు. బొంత పిండుతుండగానే అడిగాడు. ఫోను లేదా అని.

ఆ బండ ఎక్కడానికి నా మోకాలితో ఎంతసేపు పట్టిందో అడగకు. దారిలో మీ బావ సమాధి దగ్గర కూర్చున్నాను. వెనక్కి వెళ్లిపోదామని లేచాను, మళ్లీ కూర్చున్నాను. నాకు ఎవరూ లేరు ప్రభువా, ఈ ఒక్కడూ వద్దా అని అడిగాను. ఆయన మొదట చెప్పిన మాటే ఉంది, అంతే. దార్కుంగి పెద్దమ్మను అడిగి తెచ్చుకున్న ఫోను నా స్వెట్టరు జేబులో ఉంది. పైకి వెళ్లి ఉత్తరం వైపు తిరిగి మిషన్ ఆఫీసుకు చేశాను. అవతలాయనకు ముక్కముక్కలుగా వినబడుతోంది. "కాప్లియానాను రావద్దని చెప్పండి" అన్నాను. ఎవరిని అన్నాడు. "నా తమ్ముణ్ని. రావద్దని అక్క చెప్పిందని చెప్పండి" అని అరిచాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అరిచాను. కింద బావి దగ్గరున్న ఆడవాళ్లంతా తలెత్తి చూస్తున్నారు. ఊళ్లో సగం మంది ఇప్పుడు నన్ను కసాయిది అంటున్నారు. మిగతా సగం నాకు మతి చలించిందంటున్నారు.

బొంత ఇంకా ఆరలేదు.

ఈ ఉత్తరం నీకు అక్కడే అందితే, నువ్వు మాట విన్నట్టు. ఒకవేళ నువ్వే గుమ్మంలోకి వచ్చి నా చేతిలోంచి తీసుకుని చదివితే... ఆ వాక్యం పూర్తి చేయను.

అక్క


ధోల్‌జూరి
8 జనవరి 2008

అక్కా,

ఇక్కడి నుంచే రాస్తున్నాను.

క్రిస్మస్ ముందు రోజున తోట ఆఫీసు గుమస్తా వచ్చి, మీ మిషన్ వాళ్లు ఫోను చేశారు, మీ అక్క రావద్దందట అన్నాడు. అంతే చెప్పాడు. ఇంకేమైనా అందా అని అడిగితే లేదన్నాడు. ఆ మాట నాకెలా తగిలిందో ఎలా చెప్పను? నువ్వు ఆకలితో ఉన్నావని నేను పరుగెత్తుకు వస్తుంటే, గుమ్మంలోనే తలుపు వేశావనుకున్నాను. అల్లం గుర్తొచ్చింది. ఒంటరితనం అలవాటై నన్ను కూడా వద్దనుకుంటోంది అనుకున్నాను. క్రిస్మస్‌కు వాక్యం చెప్పాను గానీ పాట ఎత్తలేదు. పెట్టె విప్పలేదు. కోపంతోనే ఉండిపోయాను. అది విధేయత అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఎటు వెళ్లాలో తెలియక ఉండిపోయాను.

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి అందాయి. గుమ్మంలో కూర్చుని చదివాను. సైరన్ మోగిందో లేదో కూడా నాకు తెలియదు.

అక్కా, నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను. నాకేమీ వినబడడం లేదని రాశాను. వినబడకుండా నేనే చూసుకున్నాను. నేను ఇంటికి రావాలనుకున్నాను. నువ్వు ఒంటరిగా ఉన్నావు, అడిగితే తప్పక రమ్మంటావని నాకు తెలుసు. అందుకే నిన్ను అడిగాను. దేవుడి దగ్గరకు నిన్ను పంపాను గానీ, నీ దగ్గరకే వచ్చాను. నాకు కావలసిన జవాబు ఎవరి దగ్గర దొరుకుతుందో చూసుకుని వాళ్లనే అడిగాను. ఆ బరువంతా నీ నెత్తిన పెట్టాను. నువ్వు దుంపలు తిన్నది నా వల్లే.

ఈ పొద్దున సొమారి నూనె డబ్బా గురించి వచ్చింది. మీ అక్కకు ఇది ఇంకెప్పుడు పంపుతావని అడిగింది. అక్కకు బియ్యం ఉన్నాయట, నేను పొరపడ్డాను అన్నాను. ఆమె డబ్బా వైపు చూసి మళ్లీ మొదటి ప్రశ్నే అడిగింది, మరి ఇది ఎవరు తింటారని.

ఈసారి చెప్పాను. "నేను తింటాను. మా ఊళ్లో ఆడవాళ్లు ఇలాగే పిడికెడు పిడికెడు తీస్తారు. ఇన్నేళ్లుగా నా పళ్లెంలో ఉన్నది అదే" అన్నాను. నా తల వంగిపోయింది. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"అయితే ఇన్నేళ్లూ మా పిల్లలకు చదువు చెబుతూ మీ ఊరి ఆడవాళ్ల కూడు తిన్నావా? ఇకనుంచి మాది కూడా తిను" అంది. డబ్బా ఎత్తి నా బియ్యంలో పోసి, ఖాళీ డబ్బా పట్టుకుని పనికి వెళ్లిపోయింది. వాళ్లను నేను మేపుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఉంటానని ఆఫీసుకు ఇవాళే రాస్తాను. ఆ బొంత ఎవరికైనా ఇచ్చేయి.

నీ తమ్ముడు,
కాపా


సెర్‌ట్లాంగ్
27 జనవరి 2008

ప్రియమైన తమ్ముడు కాపాకు,

ఉత్తరం అందింది. సొమారికి నా కృతజ్ఞత చెప్పు. చేతులు కడుక్కుని తినమని నీకూ చెబుతున్నాను.

బొంత ఎవరికీ ఇవ్వలేదు. మడిచి నీ మంచం మీదే పెట్టాను. అల్లం మాత్రం మళ్లీ ఎత్తి పోయలేదు. మూడేళ్ల తరువాత అడుగుతారు కదా, అప్పుడు నీ నోటితో నువ్వే ఆయన్ని అడుగు. నన్ను ఇందులోకి లాగకు.

శనివారాలు బియ్యం గంప ఇప్పుడు నేనే మోస్తున్నాను. దార్కుంగి పెద్దమ్మకు ఆయాసం. ఇల్లిల్లూ తిరుగుతుంటే అందరూ కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. కసాయిదానికి కూడా ఇస్తున్నారు. కొన్ని ఇళ్లలో పిడికెడు అంటే నాలుగు గింజలే. వాటిని గంపలో పోసేటప్పుడు నేను తల తిప్పుకుంటాను, వాళ్లు సిగ్గుపడకూడదని. గుడిలో డోలుకు దూరంగా కూర్చుంటున్నాను.

నీతో అబద్ధం చెప్పడం మానేశాను కాబట్టి ఇదీ చెబుతాను. మాట వింటే మనసుకు శాంతి వస్తుందంటారు. వచ్చింది. కానీ ఇల్లు నిండలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. తలుపు తీసి లోపలికి వస్తే నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతుంది. ఇవాళ అన్నం వండుతూ పిడికెడు తీసి చాలాసేపు నిలబడ్డాను. ఆయన ఏమైనా అంటాడేమోనని. ఏమీ అనలేదు. ఉన్నావా అని అడిగాను. ఎసరు మరుగుతున్న చప్పుడే వినబడింది. చెప్పవలసింది అయిపోయింది కాబోలు అనుకుని, పిడికెడు దేవుడి డబ్బాలో వేసి, మిగతావి వండుకుని తిన్నాను.

ఒక్కటి అడుగుతాను. సాయంత్రం సైరన్ మోగాక నువ్వు పాడేటప్పుడు, రెండో గొంతు రావలసిన చోట ఆగకు. పాడుకుంటూ వెళ్లు. నాకు మీ సైరన్ వినబడదు గానీ, చీకటి పడే వేళ ఇద్దరికీ ఒకటే కదా. ఆ వేళకు నేనిక్కడ వంటింట్లో నా గొంతు అందుకుంటాను. నీకు వినబడదు. అయినా పాడతాను.

అక్క జోథాంగి